ఇరుసు ఎత్తు: దక్కన్ బాటల మీద బండి, బస్సు, జీపు, పికప్

పరిచయం

రవాణా చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలలో రైలు మార్గాల పొడవు, రహదారుల పటాలు, సంస్థలు ఏర్పడిన తేదీలు కనిపిస్తాయి. బండి నేలకు ఎంత ఎత్తున ఉండాలన్న ప్రశ్న ఎక్కడా కనిపించదు. బండి నడిపేవాడికి మాత్రం రోజూ ఎదురయ్యే ప్రశ్న అదే. ఈ పాఠ్యభాగంలో ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాను. అందుకు కారణం ఒక విద్యార్థి.

కొన్నేళ్ల కిందట సికింద్రాబాద్‌లో ఆదివారం సంపర్క తరగతులు చెబుతుండేవాణ్ని. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒకతను ఎప్పుడూ వెనక బెంచీలో, నిద్ర చాలని కళ్లతో కూర్చునేవాడు. గజ్వేల్ వైపు నుంచి రాత్రిపూట పికప్‌లో కూరగాయలు బోయిన్‌పల్లి మార్కెట్‌కు తెచ్చి, అక్కడే మొహం కడుక్కొని తరగతికి వచ్చేవాడని తర్వాత తెలిసింది. ఆ రోజు పాఠం నిజాం కాలపు రోడ్డు రవాణా శాఖ. పాఠం అయ్యాక లేచి, "సార్, మా ఊరి బాటల నడిమి గడ్డ బండి కిందికి తగులుతున్నది. షెడ్డుల ఒకాయన బాడీ లేపమంటుండు, ఇంకొకాయన కమాన్ కట్టలు లేపమంటుండు. మీరు బండ్ల చరిత్రే చెప్తున్రు గదా, ఏది మంచిదో చెప్పున్రి" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నాకు జవాబు తెలియదు. అది చరిత్ర అధ్యాపకుడు సిగ్గుపడవలసిన విషయం కాదు గాని, నాకు సిగ్గేసింది.

బాడీ లేపడాన్ని బాడీ లిఫ్ట్ అనీ, కమాన్ కట్టల దగ్గర లేపడాన్ని సస్పెన్షన్ లిఫ్ట్ అనీ అంటారు. ఈ రెండింటి మధ్య తేడా తెలియాలంటే ఎడ్లబండి నుంచి మొదలుపెట్టాలి.

ఎడ్లబండి లెక్క

పాత ఎడ్లబండిలో కమాను లేదు. బండి పెట్టె దాదాపు నేరుగా ఇరుసు మీదే కూర్చుంటుంది. కాబట్టి నేలకూ బండికీ మధ్య ఎడం అంటే నేలకూ ఇరుసుకూ మధ్య ఎడమే. ఇరుసు చక్రం నడిమధ్య ఉంటుంది గనుక ఆ ఎత్తు చక్రం ఎత్తులో సగం. అయిదడుగుల చక్రానికి ఇరుసు రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. ఇంతకు మించిన సూత్రం లేదు. ఎడం పెరగాలంటే చక్రం పెరగాలి.

దక్కన్ నేలల్లో ఈ ఎడం అవసరం ఎందుకు వచ్చింది? మన రేగడి నేల వానకు మెత్తబడుతుంది, ఎండకు రాయిలా గట్టిపడుతుంది. ఇనుప పట్టా వేసిన సన్నని చక్రం తడి నేలను కోసుకుంటూ పోతుంది. ఒకే జాడలో పది బండ్లు పోతే రెండు లోతైన గాళ్లు పడతాయి, మధ్యలో గడ్డ మిగులుతుంది. చక్రాలు గాళ్లలో దిగుతాయి, ఇరుసు గడ్డ మీదుగా పోవాలి. గాడి లోతు పెరిగిన కొద్దీ గడ్డ ఇరుసును అందుకుంటుంది. వడ్రంగి దీనికి చూపిన పరిష్కారం పెద్ద చక్రం. పెట్టెను ఎత్తుచేసి కట్టినందువల్ల ఒరిగేదేగాని ఒరిగేది ఏమీ లేదని, అంటే పక్కకు ఒరగడమే తప్ప లాభం లేదని, అతనికి తెలుసు. చక్రాన్ని కూడా ఇష్టం వచ్చినట్టు పెంచలేడు. నొగ పోయి కాడిని కలవాలి, కాడి ఎద్దు మెడ ఎత్తున ఉండాలి. ఎద్దు ఎత్తే బండి ఎత్తుకు హద్దు.

తర్వాత రబ్బరు టైరు బండి వచ్చింది. లాగడానికి తేలిక, రోడ్డును కోయదు, బరువు ఎక్కువ మోస్తుంది. కాని చక్రం చిన్నది, ఇరుసు కిందికి దిగింది. మా మేనమామ టైరు బండి కొన్నాక కూడా వానాకాలం చేలోకి పాత పట్టా బండినే తోలేవాడు. కొత్తదాన్ని అర్థం చేసుకోలేని మొండితనం అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన లెక్క ఆయనకు ఉంది.

అభ్యాసం: మీ ఊళ్లో పాత పట్టా బండి ఎవరి ఇంటనైనా మిగిలి ఉంటే, దాని చక్రం ఎత్తు, ఇరుసు ఎత్తు కొలవండి. పక్కనే ఉన్న ట్రాలీ ఆటో లేదా పికప్ వెనక ఇరుసు అడుగు ఎత్తు కొలిచి పోల్చండి. వచ్చే తేడా ఈ పాఠంలోని మిగతా భాగానికి పనికివస్తుంది.

కమాను, ఛాసిస్, బాడీ

1798 ఒప్పందం తర్వాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ దళాలు స్థిరపడ్డాయి. 1806లో మూడో అసఫ్ జా సికిందర్ జా పేరున ఆ దండు ప్రాంతానికి సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. అదే రోజుల్లో, 1804లో, ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ అనేవాడు ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి అండాకారపు కమానుగా చేసి గుర్రపు బండికి అమర్చాడు. ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. కాని కమాను ఉన్న బండి మన ప్రాంతానికి దండుతోపాటు, ఆ తర్వాత జట్కాగా సామాన్యుడి దగ్గరికి వచ్చింది.

కమాను వల్ల కుదుపు తగ్గిందని అందరూ చెబుతారు. మనకు కావలసిన మార్పు వేరు. అంతవరకు ఒకటిగా ఉన్న బండి రెండు ముక్కలైంది. కమానుకు కింద ఉన్నది ఒకటి, పైన ఉన్నది ఒకటి. కింద ఇరుసు, చక్రాలు నేలను అనుసరిస్తాయి. పైన ఉన్నది వాటి మీద తేలుతుంది. మోటారు వచ్చాక పైభాగం మళ్లీ రెండైంది. ఇంజనును, గేర్లను మోసే ఉక్కు చట్రం ఛాసిస్. దాని మీద బోల్టులతో బిగించిన పెట్టె బాడీ. ఇరుసు, ఛాసిస్, బాడీ అనే ఈ మూడు అంతస్తులను విద్యార్థులు మనసులో ఉంచుకోవాలి. మనం 'బండిని లేపడం' అనేటప్పుడు ఈ మూడింటిలో ఏది లేస్తున్నదన్నదే అసలు ప్రశ్న.

1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. అవి స్కాట్లండుకు చెందిన ఆల్బియన్ కంపెనీ బస్సులు. ఆ తొలితరం బస్సు ఒకటి 'దక్కన్ క్వీన్' పేరుతో భద్రంగా ఉంది. దాన్ని చూసినవారికి ఛాసిస్ వేరు, బాడీ వేరు అన్న సంగతి కంటికే తెలుస్తుంది. ఒక చోట ఛాసిస్, మరో చోట దాని మీద బాడీ అనే పద్ధతి ఇక్కడ బాగా వేళ్లూనింది. 1942లో సనత్‌నగర్‌లో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ తర్వాతి కాలంలో హైదరాబాద్ బస్సులకు, డబుల్ డెక్కర్లకు సహా, బాడీలు కట్టింది. ఛాసిస్ మీద బాడీని కూర్చోబెట్టేటప్పుడు మధ్యలో చెక్కో రబ్బరో దిమ్మెలు పెట్టి బిగించడం బాడీ కట్టేవారికి మామూలు పని. ఆ దిమ్మెను మరో రెండంగుళాలు ఎత్తు చేస్తే అదే బాడీ లిఫ్ట్. అంటే షెడ్డులో ఆ మొదటి ఆయన చెప్పిన సలహా అమెరికా నుంచి ఊడిపడలేదు, బస్సు బాడీలు కట్టిన చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది.

అయితే రవాణా శాఖ బస్సును ఎత్తు చేయలేదు. బస్సు పోవలసిన దారిని బాగుచేయించుకుంది, బాగులేని దారికి బస్సు వేయలేదు. ప్రయాణికులలో ముసలివాళ్లు, చంకలో బిడ్డ, నెత్తిన మూట ఉన్నవాళ్లు ఉంటారు. మెట్టు ఎత్తు పెరిగితే వాళ్లు ఎక్కలేరు. బండి ఎత్తును ఎద్దు మెడ నిర్ణయించినట్టే బస్సు ఎత్తును ప్రయాణికుడి మోకాలు నిర్ణయించింది. దారి బాగులేని ఊళ్లకు బస్సు చాలాకాలం రాకపోవడం ఈ నిర్ణయానికి రెండో వైపు. దాన్ని శాఖ చరిత్ర రాసేవాళ్లు పెద్దగా పట్టించుకోరు.

దారిని కాదు, బండిని మార్చిన సైన్యం

సైన్యానికి దారి కోసం ఆగే వెసులుబాటు లేదు. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల చోదక బండి కావాలని కంపెనీలను అడిగింది. దాని ఫలితమే జీపు. 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా తయారుచేశాయి. దాని అడుగుభాగం నేలకు సుమారు 8¾ అంగుళాల ఎత్తున ఉండేది. మన ఎడ్లబండి ఇరుసుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కాని జీపు నాలుగు చక్రాలతోనూ నెట్టుకుంటుంది, తేలికగా ఉంటుంది, ఇరుక్కుంటే నలుగురు ఎత్తి పక్కన పెట్టవచ్చు. ఎత్తు ఒక్కటే బలం కాదని జీపు చూపించింది.

యుద్ధం తర్వాత 1945లో లూథియానాలో మొదలైన మహీంద్రా సంస్థ కొద్ది కాలానికే జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో సైనిక వాహనాల మరమ్మతు, సాంకేతిక విద్య నేర్పే ఈఎంఈ కళాశాల ఉంది. నా చిన్నతనంలో ఆ వైపు ముదురాకుపచ్చ జీపులు బారులు తీరి ఉండేవి. రాణిగంజ్ విడిభాగాల కొట్లలో జీపు సామాను దొరకని రోజు ఉండేది కాదు. రిటైరైన జవాన్ల చేతిపని ఊరి షెడ్లలోకి వచ్చింది.

ఆ పాత జీపుల్లో ముందు ఇరుసు కమాన్ కట్టకు పైన ఉంటుంది. కట్టను ఇరుసు కింద నుంచి తీసి ఇరుసు మీదికి మారిస్తే ఛాసిస్ ఒక్కసారిగా చాలా అంగుళాలు లేస్తుంది. అంత శ్రమ పడలేనివాళ్లు కట్ట చివర వేలాడే షాకిల్‌ను పొడవు చేస్తారు. రెండంగుళాలు పొడవు చేస్తే ఒక అంగుళం లేస్తుంది. ఇవన్నీ సస్పెన్షన్ లిఫ్ట్‌కు పాత రూపాలు.

ఈ రెండో పని చేసిన జీపులో నేను ప్రయాణించాను. 1980ల చివర ఒక శాసనం చూడడానికి తొమ్మిది మందిమి అద్దె జీపులో వెళ్లాం. షాకిల్ పొడవు చేసినట్టు యజమాని గొప్పగా చెప్పాడు. బండరాళ్ల బాటలో హాయిగా పోయాం. తిరుగు ప్రయాణంలో తారు రోడ్డు ఎక్కాక, మామూలు మలుపులో, పెద్ద వేగం కూడా లేకుండా, జీపు మెల్లగా పక్కకు పడుకుంది. నా సహోద్యోగి మెడ ఎముక విరిగింది. మా చేతి నకళ్లు తడిసిపోయాయి. శాసనం కోసం మళ్లీ వెళ్లవలసి వచ్చింది గాని, ఆయన మాతో రాలేదు.

జహీరాబాద్ పాఠం

ఇక్కడ ఒక స్థానిక ఉదాహరణ చెప్పుకోవాలి. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో కలిసి, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ తేలికపాటి లారీలను తయారుచేసింది. అదే సమయంలో టొయోటా, మజ్దా, మిత్సుబిషి కూడా భారతీయ సంస్థలతో కలిసి ఇలాంటివే తెచ్చాయి. బండ్లు నాణ్యమైనవే. 1986లో టాటా 407 వచ్చింది. మన డ్రైవరు వేసే బరువును, మన దారిని లెక్కలో పెట్టుకొని కట్టిన బండి అది. యెన్ విలువ పెరిగి జపాన్ విడిభాగాలు ప్రియమవడం కూడా తోడైంది. దశాబ్దం ముగిసేసరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. దీన్ని కేవలం ధరల కథగా చెప్పేవారున్నారు, నేను పూర్తిగా ఒప్పుకోను. బరువు, దారి, కమాన్ కట్ట మందం అనే మూడింటి పొత్తు కుదరని చోట ఎంత మంచి ఇంజనైనా నిలవలేదు.

నేటి పికప్‌కు ఆ మనస్తత్వమే వారసత్వం. గట్టి ఛాసిస్, వెనక బరువు మోసే కమాన్ కట్టలు, మీద విడిగా బిగించిన క్యాబిన్, తొట్టి. ఛాసిస్ విడిగా ఉంది గనుకనే బాడీ లిఫ్ట్ సాధ్యం. ఛాసిస్, బాడీ ఒకటే ముక్కగా ఉండే ఇప్పటి చిన్న కార్లకు ఆ మాటే లేదు.

రెండు లిఫ్ట్‌లు: ఏది లేస్తుంది, ఏది లేవదు

ఒక ఉదాహరణ తీసుకుందాం. 28 అంగుళాల టైరున్న పికప్‌కు రెండంగుళాల బాడీ లిఫ్ట్ చేశారనుకుందాం. క్యాబిన్, తొట్టి రెండంగుళాలు లేస్తాయి. ఛాసిస్ లేవదు, ఇంజను లేవదు, ఇరుసు లేవదు. గడ్డ తగిలేది ఛాసిస్‌కో డిఫరెన్షియల్ గుండుకో గనుక ఆ గడ్డ మునుపటిలాగే తగులుతుంది. బాడీ లిఫ్ట్‌తో నిజంగా దొరికేది చక్రాల గూట్లో ఖాళీ. ఆ ఖాళీలో 31 అంగుళాల టైరు వేస్తే, తేడాలో సగం, అంటే ఒకటిన్నర అంగుళం, ఇరుసు లేస్తుంది. ఎడ్లబండి సూత్రమే మళ్లీ వచ్చింది.

అదే రెండంగుళాలు కమాన్ కట్టల దగ్గర లేపితే ఛాసిస్, బాడీ రెండూ లేస్తాయి. ఛాసిస్‌కు గడ్డ తగలడం తగ్గుతుంది. డిఫరెన్షియల్ మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని లేపాలంటే ఇక్కడ కూడా టైరే పెద్దది కావాలి. కాబట్టి 'బాడీ లిఫ్ట్ అలంకారానికి, సస్పెన్షన్ లిఫ్ట్ పనికి' అని షెడ్లలో వినిపించే మాట సగమే నిజం.

ఖర్చు, ప్రమాదం వేరువేరు చోట్ల పడతాయి. బాడీ లిఫ్ట్ చౌక. కమాన్ కట్టలు, ఇరుసు కోణాలు మారవు. కాని స్టీరింగ్ కడ్డీ, గేరు కడ్డీ, డీజిల్ పోసే గొట్టం, రేడియేటర్ ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు ఛాసిస్‌కూ బాడీకీ మధ్య సాగుతాయి. పొడవాటి బోల్టుల మీద పక్క ఒత్తిడి పెరుగుతుంది. మూడంగుళాలు దాటితే అది దిమ్మె కాదు, పొయ్యి కట్టె మీద కుండ.

సస్పెన్షన్ లిఫ్ట్‌లో బరువంతా పైకి పోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి జాయింట్లు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. వెనక ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మె పెట్టడం కొంతవరకు నడుస్తుంది గాని, స్టీరింగ్ తిరిగే ముందు ఇరుసుకు ఆ పని చేయించకూడదు. చాలామంది మెకానిక్‌లు చెప్పని ఇంకో సంగతి ఉంది. ఎన్నో పికప్‌లలో వెనక బ్రేకు బలాన్ని బరువును బట్టి సర్దే ఒక వాల్వు ఉంటుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఎడాన్ని చూసి బరువెంత ఉందో అది పోల్చుకుంటుంది. ఆ ఎడం పెంచితే నిండు బండిని కూడా ఖాళీ బండి అనుకొని వెనక బ్రేకు తగ్గిస్తుంది. టమాట పెట్టెలు నిండిన బండి రాత్రి రెండు గంటలకు రాజీవ్ రహదారి మీద ఆగవలసినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఒరిగే గుణానికి కూడా లెక్క ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తారు. దూరం 1.4 మీటర్లు, గరిమనాభి 0.75 మీటర్లు అయితే 0.93 వస్తుంది. గరిమనాభి 10 సెంటీమీటర్లు లేస్తే 0.82కు పడిపోతుంది. ఈ సంఖ్య ఎంత తగ్గితే అంత సులువుగా ఒరుగుతుంది. ఒకే ఎత్తుకు బాడీ లిఫ్ట్‌లో ఇంజను, ఛాసిస్ కిందే ఉంటాయి గనుక గరిమనాభి కాస్త తక్కువ లేస్తుంది. కాని తొట్టిలోని సరుకు రెండింటిలోనూ పైకే పోతుంది. ఆ సరుకును ఎత్తే హమాలీ ప్రతి పెట్టెనూ ఆ రెండు మూడంగుళాలు అదనంగా ఎత్తాలి. రాత్రికి ఎన్ని పెట్టెలో మీరే లెక్కవేసుకోండి.

చట్టం వైఖరి

1939 మోటారు వాహనాల చట్టం మార్పులను పూర్తిగా కాదనలేదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా బండిని మారిస్తే అధికారికి తెలిపి ఆమోదం పొందమంది. 1988 చట్టంలోని 52వ సెక్షన్ కూడా మొదట అదే దారిలో ఉంది. 2000 సవరణతో కొలబద్ద మారింది. తయారీదారు మొదట నిర్దేశించినదానికి భిన్నంగా యజమాని మార్చరాదని వచ్చింది. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖాయం చేసింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఎత్తును నిర్ణయించే హక్కు వడ్రంగి నుంచి, షెడ్డు మేస్త్రీ నుంచి కర్మాగారానికి వెళ్లిపోయిందన్నమాట. ఇందులో భద్రత ఉంది. ఆ కర్మాగారం మన ఊరి బాటను చూసిందా అన్న ప్రశ్నకు మాత్రం ఇందులో చోటు లేదు.

ఆ విద్యార్థికి రెండు నెలల తర్వాత ఈ సంగతులన్నీ చెప్పాను. రెండూ వద్దని చెప్పాను. ముందు బండి తన అసలు ఎత్తున ఉందో లేదో చూడమన్నాను. అతను మరుసటి ఆదివారం నోటుబుక్కు చివరి పేజీలో కొలతలు రాసుకొచ్చాడు. ఖాళీ బండి, సమతలం, వెనక రెండు పక్కలా ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఎడం. కంపెనీ కొలతకంటే రెండు పక్కలా తక్కువే, డ్రైవరు పక్క ఇంకో ఒకటింబావు అంగుళం తక్కువ. నాలుగేళ్లు పరిమితికి మించి మోసి కట్టలు వంపు పోగొట్టుకున్నాయి, ఒక పట్టీ విరిగి కూడా ఉంది. అతనికి కావలసిన ఎత్తులో చాలా భాగం బండిలోనే పోగొట్టుకున్నాడు. కట్టలు విప్పించి, విరిగిన పట్టీ మార్పించి, మొదటి వంపుకు తెప్పించాడు. గడ్డ మాటేమిటని అడిగాను. ఊళ్లో నాలుగు పికప్‌ల వాళ్లు తలా ఇంత వేసుకొని గడ్డను చెక్కించి, గాళ్లలో రెండు ట్రాక్టర్ల మొరం పోయించారట. "వానాకాలం దాక ఆగుతది సార్, తర్వాత మళ్ల పోయాలె" అన్నాడు.